ఆపే అధికారం, తీసుకుపోయే అధికారం

(చెన్నైలో ఇచ్చిన స్మారకోపన్యాసం పాఠం)



ఎవరి స్మృతిలో మనం ఈ సాయంత్రం కలుసుకున్నామో, ఆ పెద్దాయన మద్రాసు హైకోర్టులో జీవితమంతా రిట్ పిటిషన్లు వాదించిన తెలుగు వకీలు. జార్జిటౌన్‌లో ఆయన ఆఫీసు మెట్లెక్కిన మాలాంటి జూనియర్లకు మొట్టమొదట నేర్పింది ఒకటే. సర్కారు కాగితం ఏది చేతికొచ్చినా, మంచిచెడ్డలు తర్వాత, ముందు ఏ సెక్షను కింద ఇచ్చారో చూడమనేవారు. ఆ సెక్షను ఎంతవరకు పోతుందో, ఎక్కడ ఆగిపోతుందో చూడమనేవారు. ఆయన గుణగణాలు చెప్పడానికి నాకంటే అర్హులు ఈ సభలోనే ఉన్నారు. ఆయన నేర్పిన ఆ ప్రశ్నను నేను సముద్రం మీదికి తీసుకెళ్తాను. ప్రాణభయంతో బయల్దేరిన మనుషులున్న ఓడను నడిసముద్రంలో ఆపే అధికారం ఏ సెక్షను ఇస్తుంది? ఆపాక వాళ్లను ఎక్కడికైనా తీసుకుపోయే అధికారం అందులోనే ఉందా?

2014 జూన్ మధ్యలో పుదుచ్చేరి తీరం నుంచి ఒక పడవ బయల్దేరింది. ఇక్కడికి ఈస్ట్‌కోస్ట్ రోడ్డు మీద మూడు గంటల దూరంలో ఉన్న తీరం అది. పడవలో 157 మంది. దాదాపు అందరూ శ్రీలంక తమిళులు, చిన్నపిల్లలతో వచ్చిన కుటుంబాలు. పడవ భారతదేశపు జెండా కింద ఉంది. ఈ వివరాన్ని గుర్తుంచుకోండి, దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

రెండు వారాలు గడిచాక, జూన్ 29న, ఆస్ట్రేలియాకు చెందిన క్రిస్మస్ దీవి దగ్గర ఆ దేశపు కస్టమ్స్ ఓడ ‘ఓషన్ ప్రొటెక్టర్’ వాళ్లను అడ్డగించింది. అప్పటికి పడవ ప్రయాణానికి పనికిరాని స్థితిలో ఉంది. అందరినీ ఓడలోకి ఎక్కించుకున్నారు. ఇంతవరకు ఎవరూ తప్పు పట్టలేరు. మునిగే పడవలోంచి మనుషుల్ని తీయడం సముద్రం మీద తిరిగేవాళ్లందరి విధి. అసలు కథ జూలై 1న మొదలైంది. కాన్‌బెర్రాలో మంత్రివర్గ జాతీయ భద్రతా సంఘం కూర్చుని, వీళ్లందరినీ భారతదేశానికి తీసుకెళ్లాలని నిర్ణయించింది. ఆ నిర్ణయం జరిగిన నాటికి మన దేశంతో ఏ ఒప్పందమూ లేదు. వీళ్లను దిగనిస్తామని ఢిల్లీ ఎవరికీ మాట ఇవ్వలేదు.

ఓడ బయల్దేరింది. జూలై 10 ప్రాంతంలో మన తీరానికి చేరువగా వచ్చి ఆగింది. దింపడానికి అనుమతి రాలేదు. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, జూలై 22 దాకా నీళ్ల మీద అలాగే ఉంచారు. కోర్టు ముందుకు వచ్చిన వాస్తవాల ప్రకారం, రోజుకు 22 గంటలు కిటికీల్లేని గదుల్లో, కుటుంబాలను విడదీసి. ఎక్కడికి పోతున్నామో చెప్పేవాళ్లు లేరు. ఎందుకొచ్చారని అడిగినవాళ్లూ లేరు. చివరికి ఆస్ట్రేలియా తన దీవుల్లోనే ఒకటైన కోకోస్‌కు జూలై 27న తెచ్చి దింపింది. అక్కడి నుంచి ఆ దేశపు పశ్చిమాన ఉన్న కర్టిన్ నిర్బంధ కేంద్రానికి, ఆగస్టు మొదట్లో ఒక రాత్రి విమానంలో నౌరూ దీవికి. పుదుచ్చేరిలో పడవెక్కినవాళ్లు నౌరూలో తేలారు.

అవే రోజుల్లో మరో పడవలోని 41 మందిని, సముద్రం మీదే వీడియోలో నాలుగు ప్రశ్నలు అడిగి, బట్టికలోవా దగ్గర శ్రీలంక నౌకాదళానికి అప్పగించారు. వాళ్లను గాలె కోర్టులో హాజరుపరిచారు. ఆ వార్త విన్నాకే మెల్బోర్న్, సిడ్నీ లాయర్లు పరుగులు తీశారు. జూలై 7న ఆస్ట్రేలియా అత్యున్నత న్యాయస్థానంలో జస్టిస్ క్రెనన్ తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చారు. 72 గంటల ముందు రాతపూర్వకంగా చెప్పకుండా ఈ 157 మందినీ శ్రీలంకకు అప్పగించబోమని మర్నాడు ప్రభుత్వం మాటిచ్చింది. అంతవరకు అలాంటి ఓడ ఒకటి ఉందని కూడా ఆ ప్రభుత్వం ఒప్పుకోలేదు.

ఇప్పుడు చట్టం చూద్దాం. 1982 నాటి సముద్ర చట్టాల ఒడంబడికను మన దేశం 1995లో ధ్రువీకరించింది. దాని ప్రకారం తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు ప్రాదేశిక జలాలు, అక్కడ తీరదేశానిదే సార్వభౌమాధికారం. ఆపైన 24 మైళ్ల దాకా ఇంకో పట్టీ ఉంది. అక్కడ దేశానికి ఉన్నది సార్వభౌమాధికారం కాదు, తన కస్టమ్స్, పన్నులు, వలస, ఆరోగ్య చట్టాల ఉల్లంఘన జరగకుండా చూసుకునే అదుపు మాత్రమే. మన 1976 చట్టం ఐదో సెక్షను కూడా దాదాపు ఇదే చెబుతుంది, దానికి దేశభద్రతను చేర్చింది. ఆ పట్టీ దాటిన బయటి సముద్రంలో ఓడ మీద పెత్తనం దాని జెండా దేశానిదే. పరాయి ఓడ ఎక్కి తనిఖీ చేయడానికి 110వ అధికరణం కొన్ని కారణాలే ఇచ్చింది: సముద్రపు దోపిడీ, బానిస వ్యాపారం, అనుమతి లేని ప్రసారాలు, ఏ దేశపు జెండా లేకపోవడం లాంటివి. శరణార్థుల్ని తీసుకుపోవడం ఆ జాబితాలో లేదు. మనుషుల అక్రమ రవాణాను అడ్డుకునేందుకు 2000లో వచ్చిన ఒప్పందంలోనూ, పరాయి జెండా ఉన్న ఓడ ఎక్కాలంటే ముందు జెండా దేశం అనుమతి అడగాలనే ఉంది. శరణార్థుల హక్కులకు ఈ ఒప్పందం వల్ల భంగం రాదని కూడా అందులోనే రాసుకున్నారు.

ఇవన్నీ ఆపే అధికారాలు. అడ్డుకోవడం, ఎక్కి చూడటం, వెనక్కి వెళ్లమనడం. రోడ్డు మీద బండి ఆపి లైసెన్సు అడిగే కానిస్టేబులుకు, అందులో ఉన్నవాళ్లను ఇంకో జిల్లాకు తీసుకెళ్లి వదిలిపెట్టే అధికారం దానంతట అది రాదు కదా. అలాంటి అధికారం కావాలంటే ఎవరో ఒకరు విడిగా ఇవ్వాలి. ఆస్ట్రేలియా పార్లమెంటు 2013లో చేసిన సముద్ర అధికారాల చట్టంలో 72వ సెక్షను నాలుగో ఉపవిభాగం దాన్ని ఇచ్చిందని ప్రభుత్వం వాదించింది. అడ్డగించిన ఓడలోని మనిషిని నిర్బంధించి ఆస్ట్రేలియాలోపలగానీ, వెలుపలగానీ ఒక చోటికి తీసుకుపోవచ్చని ఆ విభాగం చెబుతుంది.

ఆ ప్రయాణికుల్లో ఒకరు తనను అన్యాయంగా నిర్బంధించారని దావా వేశారు. ఆయన పేరు బయటికి రాకుండా సి.పి.సి.ఎఫ్. అనే అక్షరాలతోనే కేసు నడిచింది. 2015 జనవరి 28న తీర్పు వచ్చింది. నలుగురు న్యాయమూర్తులు ప్రభుత్వం వైపు, ముగ్గురు ఆ మనిషి వైపు. ప్రధాన న్యాయమూర్తి ఫ్రెంచ్, క్రెనన్, గేగ్లర్, కీన్‌లు ఆ నిర్బంధం చట్టబద్ధమేనన్నారు. భారతదేశం ఒప్పుకుందో లేదో ముందే తేల్చుకోవాల్సిన పనిలేదన్నారు. తీసుకుపోయే ముందు ఆ మనిషి మాట వినాల్సిన బాధ్యత కూడా అధికారులకు లేదన్నారు.

హేన్, బెల్, కీఫెల్ ఒప్పుకోలేదు. మీరంతా, ముఖ్యంగా విద్యార్థులు, చదవాల్సింది ఈ ముగ్గురు రాసిందే. వాళ్ల వాదన దయ మీద నిలబడలేదు, సెక్షను మీదే నిలబడింది. మనిషిని ఒక చోటికి తీసుకుపోవడమంటే అక్కడ దింపడం. దిగనిస్తారో లేదో తెలియని చోటికి బయల్దేరితే ఆ ప్రయాణానికి ముగింపు లేదు. ముగింపు లేని నిర్బంధాన్ని ఏ పార్లమెంటూ ఇంత మామూలు మాటల్లో అధికారికి అప్పగించి ఉండదు. బయల్దేరిన క్షణాన గమ్యం ఖాయమై ఉండాలి. నాకు ఇందులో ఎదురుచెప్పడానికి ఏమీ కనబడలేదు. మన తీరానికి చేరువలో ఆగిపోయిన ఆ పన్నెండు రోజులే వాళ్ల వాదనకు సాక్ష్యం.

తీర్పు రాకముందే, కేసు నడుస్తుండగానే, 2014 డిసెంబరులో ఆ పార్లమెంటు చట్టాన్ని మార్చేసింది. అవతలి దేశంతో ఒప్పందం ఉన్నా లేకపోయినా, అంతర్జాతీయ బాధ్యతలను పట్టించుకోకపోయినా, మనిషి మాట వినకపోయినా ఆ అధికారం చెల్లుతుందని రాసుకుంది. కోర్టులో నలుగురు ముగ్గురుగా చీలిన ప్రశ్నను శాసనసభలో చేతులెత్తి మూసేశారు.

ప్రధాన న్యాయమూర్తి ఫ్రెంచ్‌కు ఈ ప్రశ్న కొత్తది కాదు. 2001 ఆగస్టులో నార్వే సరుకు ఓడ ‘టాంపా’ మునిగిపోతున్న పడవలోంచి 433 మందిని ఎక్కించుకుంది. ఎక్కువమంది అఫ్ఘన్‌లు. కెప్టెన్ ఆర్నే రినన్ వాళ్లను క్రిస్మస్ దీవికి తీసుకెళ్తుంటే ఆస్ట్రేలియా సైనికులు ఓడ ఎక్కారు. మెల్బోర్న్ న్యాయవాది ఎరిక్ వడార్లిస్ హెబియస్ కార్పస్ అడిగారు. జస్టిస్ నార్త్ సెప్టెంబరు 11న ఒప్పుకున్నారు. అదే రోజు న్యూయార్కులో జరిగింది మీకు తెలుసు. వారం తిరక్కుండానే అప్పీలులో ఇద్దరు ఒకరుగా తీర్పు తారుమారైంది. ఆ ఇద్దరిలో ఫ్రెంచ్ ఒకరు. దేశంలోకి ఎవరు రావాలో నిర్ణయించే అధికారం చట్టం లేకపోయినా ప్రభుత్వానికి సహజంగానే ఉంటుందని ఆయన అప్పుడు రాశారు. ఏ సెక్షను అని అడిగితే సెక్షనే అక్కర్లేదనే జవాబు అది. ఆ అప్పీలు కోర్టు ప్రధాన న్యాయమూర్తి బ్లాక్ ఆ రోజు విడిపోయి వేరే తీర్పు రాశారు.

అమెరికా సుప్రీంకోర్టు 1993లో హైతీ శరణార్థుల కేసులో, బయటి సముద్రంలో పట్టుకుని వెనక్కి పంపితే శరణార్థుల ఒడంబడిక అడ్డురాదని ఎనిమిది ఒకటిగా తేల్చింది. ఆ ఒక్కరు జస్టిస్ బ్లాక్‌మన్. దీని గురించి ఎక్కువ చెప్పను. దానికి సరైన జవాబు 2012 ఫిబ్రవరి 23న స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం నుంచి వచ్చింది. 2009 మేలో ఇటలీ గస్తీ ఓడలు లాంపెడూసా దీవికి దక్షిణంగా దాదాపు 200 మందిని పడవల్లోంచి ఎక్కించుకుని, ఎక్కడికో చెప్పకుండా ట్రిపోలీ తీసుకెళ్లి లిబియాకు అప్పగించాయి. వాళ్లలో సోమాలియా, ఎరిత్రియాలకు చెందిన 24 మంది కోర్టుకెక్కారు. ఇటలీ సిబ్బంది చేతుల్లో, ఇటలీ సైనిక ఓడలో ఉన్నంతసేపూ ఆ మనుషులు ఇటలీ అధికార పరిధిలోనే ఉన్నారని 17 మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా చెప్పారు. అడక్కుండా మూకుమ్మడిగా పంపేయడం తప్పన్నారు. హిర్సీ జమా కేసుగా అది అందరికీ తెలుసు.

మనవైపు చూసుకుందాం. ఇది మనకు పరాయి గొడవ కాదు. ఈ ఊళ్లో ఓడ దిగిన కాందిశీకుల పిల్లలు, మనవలు ఈ హాల్లో కూడా ఉండి ఉంటారు. 1964లో బర్మా ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేసినప్పుడు రంగూన్ నుంచి వచ్చిన ఓడలు మద్రాసులో, విశాఖపట్నంలో ఆగాయి. అందులో తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. బీచ్ స్టేషను పక్కన బర్మా బజారు అలాగే వెలిసింది. వాళ్ల ఓడను హార్బరు బయట ఆపి, రెండు వారాలు నీళ్ల మీద ఉంచి ఉంటే మన ఇళ్లలో ఆ కథ ఎలా చెప్పుకునేవాళ్లమో ఒకసారి ఊహించండి.

1983 జూలై తర్వాత శ్రీలంక నుంచి తమిళనాడుకు 3 లక్షలకు పైగా శరణార్థులు వచ్చారు. శిబిరాల్లో సుమారు 58 వేల మంది ఉన్నారని 2021లో రాష్ట్ర ప్రభుత్వం లెక్క చెప్పింది. పుళల్‌లో ఒక శిబిరం, ఆంధ్ర సరిహద్దుకు కూతవేటు దూరంలో గుమ్మిడిపూండిలో ఒక శిబిరం. శిబిరంలో పుట్టినవాడు పెద్దవాడై, పెళ్లాడి, పిల్లల్ని కన్నా శిబిరవాసే. అలాంటి బతుకులోంచి లేచి పడవెక్కినవాణ్ణి క్యూ బ్రాంచి పోలీసులు తీరం దగ్గర పట్టుకుంటారు. పట్టుకోవడం తప్పని నేను అనను. ఆ పడవలు నడిపే దళారులు మనుషుల్ని చేపల బుట్టల్లా కుక్కుతారు. కానీ పడవెందుకు ఎక్కావని అడిగే ఏర్పాటు ఏ చట్టంలోనూ లేదు.

జెండా సంగతి చెబుతానన్నాను. ఆ పడవ మనది. జెండా దేశంగా మనం ఆస్ట్రేలియాను గట్టిగా నిలదీయవచ్చు. మా పడవలో ఉన్నవాళ్లను దాదాపు నాలుగు వారాలు గదుల్లో పెట్టి తిప్పడానికి మీ 24 మైళ్ల అదుపు సరిపోతుందా అని అడగవచ్చు. కానీ మన పౌరులెవరైనా ఉంటే తీసుకుంటాం, మిగతావాళ్ల సంగతి చూస్తాం అన్న ధోరణిలోనే ఢిల్లీ మాట్లాడింది. మనుషుల్ని దింపుకోమని ఎదుటివాళ్లు అడుగుతున్నప్పుడు, దింపుకోకపోవడం ఒక్కటే మన జవాబు కాకూడదు. మనకు శరణార్థుల చట్టం ఉండి ఉంటే మాట్లాడటానికి ఒక భాష ఉండేది.

2021 ఫిబ్రవరిలో ఇంకా స్పష్టంగా తెలిసింది. బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ నుంచి బయల్దేరిన రోహింగ్యాల పడవ ఇంజను చెడి అండమాన్ సముద్రంలో కొట్టుకుపోయింది. మన కోస్ట్‌గార్డ్ వెతికి పట్టుకునేసరికి 81 మంది బతికున్నారు, ఎనిమిది మంది చనిపోయారు. మనవాళ్లు తిండి, నీళ్లు, మందులు ఇచ్చారు. ఇంజను బాగుచేయించారు. ఆ సిబ్బందికి చేతులెత్తి నమస్కరించాలి. ఆ తర్వాత? వీళ్లను తీసుకోమని బంగ్లాదేశ్‌ను అడిగాం, అది ఒప్పుకోలేదు. మన నేల మీద దింపుకోలేదు. ఆ 81 మంది అదే పడవలో తిరిగి తిరిగి జూన్‌లో ఇండోనేషియాలోని ఆచె దగ్గర ఒక చిన్న దీవి మీద తేలారు. నీళ్ల మీద నూటపది రోజులకు పైగా. ఆపదలో ఉన్నవాణ్ణి కాపాడాలని సముద్ర చట్టాల ఒడంబడిక 98వ అధికరణం చెబుతుంది. కాపాడినవాణ్ణి సురక్షితమైన చోట దింపితేనే ఆ పని పూర్తయినట్టని ప్రాణరక్షణ ఒప్పందాల్లో 2004లో చేర్చిన సవరణల సారం. పడవ దాకా వెళ్లే చట్టం మనకు ఉంది. ఒడ్డుకు తెచ్చే చట్టం లేదు.

దీనికి పూర్తిగా భిన్నమైన దృశ్యం 2022 మార్చిలో ధనుష్కోడి దగ్గర చూశాం. శ్రీలంకలో బియ్యం, పాలపొడి, కిరోసిన్ దొరక్క కొన్ని కుటుంబాలు పడవెక్కాయి. పడవవాడు వాళ్లలో కొందరిని అరిచల్‌మునై దగ్గర ఇసుక దిబ్బ మీద వదిలేసి వెళ్లిపోయాడు. కోస్ట్‌గార్డ్ హోవర్‌క్రాఫ్ట్‌లో వెళ్లి తీసుకొచ్చింది. మండపం శిబిరంలో చోటిచ్చారు. ఆ పని ఏ సెక్షను కింద జరిగింది? ఏ సెక్షనూ లేదు. రాష్ట్ర ప్రభుత్వం మనసు పెట్టింది, కేంద్రం అడ్డుచెప్పలేదు. మనసు పెట్టని ప్రభుత్వం వస్తే అవే దిబ్బలు, అదే హోవర్‌క్రాఫ్ట్, వేరే దిక్కు. 2025 మేలో, ఢిల్లీలో పట్టుకున్న కొందరు రోహింగ్యాలను నౌకాదళ ఓడలో తీసుకెళ్లి మయన్మార్ తీరం దగ్గర లైఫ్ జాకెట్లతో సముద్రంలోకి దింపారని సుప్రీంకోర్టులో ఆరోపణ వచ్చింది. ఐక్యరాజ్యసమితి ప్రత్యేక నివేదకుడు టామ్ ఆండ్రూస్ విచారణ మొదలుపెట్టారు. ఆధారాలు చాలవంటూ కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వలేదు. నిజం తేలాలని కోరుకుంటున్నాను. నన్ను కలవరపెట్టేది, ఆ ఆరోపణ నిజమైతే ఏ చట్టంలోని ఏ వాక్యం దాన్ని అడ్డుకునేదని వెతికితే రాజ్యాంగం 21వ అధికరణం తప్ప ఇంకొకటి దొరక్కపోవడం.

2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన వలస, విదేశీయుల చట్టం నాలుగు పాత చట్టాలను కలిపేసింది. ఓడ యజమానుల బాధ్యత, జరిమానాలు, నిర్బంధం, పంపివేత అన్నీ ఉన్నాయి. శరణార్థి ఎవరో చెప్పే నిర్వచనం లేదు. 2015 జనవరి 9 వరకు వచ్చి నమోదైన శ్రీలంక తమిళులకు శిక్షల నుంచి మినహాయింపు ఇస్తూ విడిగా ఒక ఉత్తర్వు ఇచ్చారు. మేలైన పనే. కానీ ఆ తేదీ తర్వాత ఇసుక దిబ్బ మీద దిగినవాళ్లకు అది అందదు. జస్టిస్ పి.ఎన్. భగవతి పేరుతో వచ్చిన నమూనా చట్టం 1997 నుంచి బీరువాలో ఉంది. శశి థరూర్ లోక్‌సభలో రెండుసార్లు ప్రైవేటు బిల్లు పెట్టారు. చర్చకే నోచుకోలేదు.

అయినా మన దగ్గర ఏమీ లేదనడం సరికాదు. ఉన్నది ఈ ఊళ్లోనే ఉంది. 1992లో, రాజీవ్ గాంధీ హత్య తర్వాతి వేడిలో, శిబిరాల్లోని శ్రీలంక తమిళులను ఓడల్లో వెనక్కి పంపడం మొదలైంది. ఇష్టపడే వెళ్తున్నారని సంతకాలు తీసుకున్నారు. వాళ్లు చదవలేని ఇంగ్లీషు కాగితాల మీద తీసుకున్నారని పి. నెడుమారన్, డాక్టర్ ఎస్. రామదాస్ మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. ఆ ఏడాది ఊరి గాలి ఎలా ఉండేదో తెలిసినవాళ్లకు, ఆ పిటిషన్ వేయడానికి ఎంత ధైర్యం కావాలో తెలుసు. ఇష్టం నిజమైనదో కాదో తేల్చాల్సిన విషయంగా కోర్టు దాన్ని పట్టించుకుంది. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఆ ఏడాదే చెన్నైలో కార్యాలయం తెరిచి, వెళ్లేవాళ్లను అడిగి చూసే బాధ్యత తీసుకుంది. శరణార్థుల ఒడంబడిక మీద సంతకం పెట్టని దేశంలో, శరణార్థుల చట్టమే లేని దేశంలో, మనిషిని ఓడ ఎక్కించే ముందు వాడి భాషలో అడగాలన్న నియమం ఆ కేసుతో వచ్చింది. కాన్‌బెర్రాలో నలుగురు న్యాయమూర్తులు అక్కర్లేదన్న నియమం అదే. 1996లో చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు 21వ అధికరణం పౌరులకే కాదు, మనిషన్నవాడికల్లా అన్నది. 2021లో రోహింగ్యాలకు ఊరట నిరాకరించిన ఉత్తర్వులో కూడా ఆ మాట కాదనలేదు.

నెడుమారన్ కేసు నియమాన్నీ, 21వ అధికరణాన్నీ కలిపి సముద్రం మీదికి నడిపించడం మిగిలింది. 21వ అధికరణం తీరం దగ్గర ఆగిపోతుందని ఎక్కడా రాసి లేదు. మన కోస్ట్‌గార్డ్ అధికారి చేయి మనిషి భుజం మీద పడ్డ చోటల్లా అది కూడా పడుతుందని నేను నమ్ముతున్నాను. అలా పడితే, అధికారి ఓడను తిప్పే ముందు ఎవరికైనా భయముందా అని వాళ్లకు తెలిసిన భాషలో అడగాలి. దింపుకుంటామని అవతలి దేశం రాసిచ్చిన కాగితం చేతిలో ఉండాలి. ఎంతమంది ఉన్నారో, ఎక్కడికి తీసుకెళ్తున్నారో గంటల్లోపు ఒక న్యాయమూర్తికి తెలియాలి. చట్టం వచ్చేదాకా కోర్టులు చేయగలిగిన పని ఇది.

విద్యార్థులకు ఒక్క సంగతి. బంగాళాఖాతంలో ఆపద సందేశాలు అందుకునే కోస్ట్‌గార్డ్ సమన్వయ కేంద్రం చెన్నైలోనే ఉంది. తూర్పు ప్రాంత ప్రధాన కార్యాలయం నేపియర్ బ్రిడ్జి దగ్గర, హైకోర్టు నుంచి కనుచూపు మేరలో. అంటే 226వ అధికరణం కింద మీ పిటిషన్‌కు ప్రతివాది ఈ ఊళ్లోనే దొరుకుతాడు. ఓడలో ఉన్నవాళ్ల పేర్లు మీకు తెలియవు. వకాలత్ మీద సంతకం పెట్టేవాళ్లు దొరకరు. టాంపా కేసులో వడార్లిస్‌కు కూడా దొరకలేదు, అయినా హెబియస్ కార్పస్ విన్నారు. కేంద్రంతోపాటు తూర్పు ప్రాంత కమాండర్‌ను ప్రతివాదిగా చేర్చండి. ఓడ ఉన్న చోటు కోర్టుకు సీల్డు కవరులో చెప్పాలని అడగండి. కోర్టు వినేదాకా ఏ తీరం వైపూ తిప్పకుండా మధ్యంతర ఉత్తర్వు కోరండి. వాళ్ల భాష తెలిసిన దుబాసీ ఒకరు, వకీలు ఒకరు ఓడ ఎక్కడానికి అనుమతి కోరండి. నెడుమారన్ కేసును మొదటి పేజీలోనే చెప్పండి.